లారీ నిలిపినచోటే

తాండూరు బండను ఎరుగనివారు మనలో ఎవరున్నారు? ఇంట్లో గచ్చుకు అదే, వాకిట అరుగుకు అదే. గనిలోనుండి తీసి, కోసి, పాలిష్ పట్టి లారీలకెక్కిస్తారు. మా సంఘపు సహోదరుడొకడు ఏండ్ల తరబడి ఆ ఎక్కించి దించే పనిలోనే ఉన్నాడు. ఒక దినం బండలు ఒరిగి అతని కాలు నలిగిపోయింది.

వికారాబాదులో రైలెక్కి తాండూరు వెళ్లాను. మంచం ప్రక్కన కూర్చుని, "అంతా దేవుని చిత్తం తమ్ముడా" అన్నాను. అతని భార్య నా ముఖం చూచి, "లారీని వంకరగ ఆపింది దేవుడా అయ్యగారూ?" అని అడిగింది. ప్రియులారా, ప్రార్థన నా నోట రాలేదు.

"ఆ రోజు పని మొదటినుండి చెప్పు" అన్నాను. లారీని పల్లపు నేలమీద ఒక ప్రక్కకు వంగేట్టు నిలిపారు. త్రాళ్లన్నీ ఒక్కసారే విప్పారు. నిలువుగా ఆనించిన బండలకూ లారీ ప్రక్కపలకకూ నడుమ ఇతడు దూరాడు. మొదటి బండను కదిలించగానే వరుసంతా అతనివైపు ఒరిగింది. బండ పడింది చివరి మెట్టులో. ప్రమాదం మొదలైంది మొదటి మెట్టులో, లారీ నిలిపినచోటే.

ఇలా పనిని మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టు దగ్గర ఏమి తప్పిపోవచ్చునో అడగడమెలాగో అమెరికా కార్మికశాఖలోని భద్రతా విభాగం ఒక చిన్న పుస్తకమే వేసింది. 2002లో దానిని సవరించారు. ఆ పని చేసేవారిని కలుపుకొనే ఇది చేయాలంటుంది. మన బైబిలులోనూ, క్రొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉంది. ఎవరైనా పడితే ఆ దోషం ఇంటిమీదికే వస్తుంది. ఆ వచనం ఎన్నిసార్లో చదివాను గాని ఒక్కనాడూ ప్రసంగించలేదు.

మరుసటి వారం నలుగురు హమాలీలు ఆ మంచం చుట్టూ కూర్చున్నారు. పాత క్యాలెండరు వెనుక వ్రాశాను. చదునైన నేలమీదే లారీ నిలపాలి. చక్రాలకు, బండలకు ఆపుచెక్కలు పెట్టాలి. త్రాళ్లు ఒక్కొక్కటిగా విప్పాలి. బండ ఒరిగే వైపు ఎవరూ నిలబడరాదు. ఒక పిల్లవాడు "బూట్లు ఇప్పిస్తే సాలదా?" అన్నాడు. మంచంమీదనుండి జవాబు వచ్చింది, "బూటు బండను ఆపుతదారా?"

మేస్త్రీ చదునైన నేలకు, చెక్కలకు ఒప్పుకున్నాడు. త్రాళ్ల సంగతికి మాత్రం తల అడ్డంగా ఊపాడు. లోడుకింతని కూలి కదా, ఆలస్యమైతే నష్టం హమాలీలకే. ఆ మెట్టు ఇంకా అలాగే ఉంది.

నేను లేవబోతుంటే, కోత మిషను దగ్గర పనిచేసే ఆ భార్య, "మా పనికి గూడ రాయుండ్రి అయ్యగారూ" అన్నది. కాగితం త్రిప్పి మొదటి మెట్టు ఏమిటని అడిగాను.

"నీళ్లల్ల నిలవడి స్విచ్చు ఏస్తం."