దుమ్ము వెనక ఏముంది?

టెలిస్కోపంటే ఫొటోలు తీసేదే అనుకుంటాం కదా. 2003లో నాసా పంపిన స్పిట్జర్, ద్రవ హీలియం అయిపోయిన 2009 దాకా, దూరపు గెలాక్సీల పరారుణ కాంతిని వర్ణపటంగా విడదీసింది కూడా.

అక్కడి దుమ్ము వెలుగుని మింగి, వేడెక్కి, పరారుణంలో వదుల్తుంది. వెనక ఉన్నది పుడుతున్న నక్షత్రాలా, కృష్ణబిలమా? 7.7 మైక్రాన్ల దగ్గర గుట్ట లేస్తే మసిలో ఉండేలాంటి కర్బన అణువులు, అంటే నక్షత్రాలు పుడుతున్నట్టు. గుట్ట లేకుండా 9.7 దగ్గర సిలికేట్ల గుంట ఒక్కటే లోతుగా ఉంటే కృష్ణబిలం మీద అనుమానం. 7.7 గుట్ట సాగి 23 దగ్గర కనిపించిందా, ఆ వెలుగు బయల్దేరి వెయ్యికోట్ల ఏళ్ళు దాటినట్టే.

దూరాన్నించి చూసేవాడికి ఫొటోకన్నా ఈ గుట్టలూ గుంటలే ఎక్కువ చెప్తాయి. పోయినవారం ఫోన్లో అమ్మ "అందరం బానే ఉన్నాంరా" అంది. గొంతులో తేడా పట్టి గుచ్చిగుచ్చి అడిగితే, నాన్న బాత్రూంలో జారిపడ్డారని బయటపడింది. ఎముకలేం విరగలేదట. అయినా నాన్నకే ఫోనివ్వమన్నాను.