కంప్యూటరు గదిలో నా అనుభవాలు



నేను తొమ్మిదవ తరగతి చదువుచున్నాను. మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. మా ఇంట్లో నాకన్న ముందు బడికి పోయినవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడు రేషను షాపు కాడ అందరూ వేలిముద్రే పెడతరు గాని, మా అమ్మ దేనికైనా వేలిముద్రే పెడతది. పోయినసారి గోడపత్రికలో పదో తరగతి అక్క నాగోబా జాతర గురించి చాలా బాగా రాసింది. నాకు అంత బాగా రాదు. నేను కంప్యూటరు గురించి రాస్తున్నాను.

ఏడవ తరగతిలో సారు మాకు మొదట స్క్రాచ్ నేర్పించారు. దాంట్లో నారింజ రంగు పిల్లి ఉంటది. రంగురంగుల ముక్కలను ఒకదాని కింద ఒకటి తగిలిస్తే పిల్లి నడుస్తది, మ్యావ్ అంటది. అమెరికాలోని ఎం.ఐ.టి. వాళ్లు పిల్లల కోసం 2007లో దాన్ని విడుదల చేసినారు. ముక్కకు ముక్క సరిపోకపోతే అది అతుక్కోనే అతుక్కోదు. నాకు రెండు నెలలకే విసుగు వచ్చింది. పిల్లిని ఎంతసేపని నడిపిస్తం?

ఎనిమిదవ తరగతిలో పైథాన్ మొదలుపెట్టినాము. పేరు వినగానే అందరం కొండచిలువ అనుకున్నం. కాని దాన్ని తయారుచేసిన గీడో వాన్ రాసమ్ అనే ఆయన టీవీలో వచ్చిన ఒక హాస్య కార్యక్రమం పేరు చూసి అట్ల పెట్టినాడట. అది 1991లో బయటికి వచ్చింది. దీంట్లో ముక్కలు ఉండవు, అంతా మనమే టైపు చెయ్యాలి. ఒక్క బ్రాకెట్టు మరిచిపోతే ఎర్ర అక్షరాలు వస్తయి. మొదటిరోజు అవి చూసి, కంప్యూటరు పాడుచేసిన అనుకొని చెయ్యి వెనక్కి తీసుకున్న. సారు వచ్చి "అది తిట్టుడు కాదమ్మా, చదువు" అన్నారు. చదివితే ఏ లైనులో తప్పు ఉందో అంకె వేసి చూపించింది.

నేను ఐదవ తరగతిలో ఈ హాస్టలుకు వచ్చినప్పుడు నాకు తెలుగు సరిగా రాదు. దాహమైతే "యేర్" అని అడిగిన. మా గోండిలో నీళ్లను అట్లనే అంటం. క్లాసంతా నవ్విన్రు. "ఏరు మొత్తం తాగుతదంట" అని చాలా రోజులు ఎక్కిరించిన్రు. (అందులో ఇద్దరివి ఇప్పుడు నా పక్క మంచాలే. వాళ్లు ఇది చదువుతరని నాకు తెలుసు.) నా తప్పు ఏ లైనులో ఉందో అప్పుడు ఎవరూ చెప్పలేదు.

కాని పైథాన్‌కు అన్నీ తెలుసు అనుకోవద్దు. "అమ్మ"లో ఎన్ని అక్షరాలు ఉన్నయని అడిగితే నాలుగు అన్నది! ఒకటో తరగతి పిల్లలైనా రెండు అంటరు. గోడకు అతికించిన తెలుగు కీబోర్డు కాగితం చూస్తే నాకు అర్థమైంది. అమ్మ అని కొట్టాలంటే అ, మ, పొల్లు, మళ్లీ మ, నాలుగు సార్లు నొక్కాలి. అది మన లెక్క చూడదు, నొక్కిన లెక్క చూస్తది.

ఈ సంవత్సరం మా గూడెం పక్క ఊరి నుండి ఒక చెల్లె ఐదవ తరగతిలో చేరింది. రాత్రిపూట దుప్పటి కప్పుకొని ఏడుస్తది. తెలుగులో ఏమడిగినా తల వంచుకుంటది. ఆమె కోసం నేను ఒక ప్రోగ్రాం రాసిన. కంప్యూటరు గోండి మాట చూపిస్తది, చెల్లె తెలుగు మాట టైపు చెయ్యాలి. యేర్ అంటే నీళ్లు, నార్ అంటే ఊరు, రోన్ అంటే ఇల్లు. మొత్తం 20 మాటలు పెట్టిన.

మేడం, ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ బుధవారం స్టడీ అవర్‌లో నాకు కడుపునొప్పి అని అబద్ధం చెప్పిన. చెల్లెను తీసుకొని కంప్యూటరు గదికి పోయిన. సారుకేమో మీరు పర్మిషన్ ఇచ్చిన్రని చెప్పిన. రెండూ అబద్ధాలే. నన్ను క్షమించండి.

చెల్లె ఒక్కొక్క మీట వెతుక్కుంటూ "నీళ్ళు" అని కొట్టింది. కంప్యూటరు "తప్పు" అన్నది. మళ్లీ కొట్టింది. మళ్లీ "తప్పు". మూడోసారి కూడా అదే వచ్చేసరికి లేచి వెళ్లిపోయింది, ఆ రాత్రి అన్నం తినలేదు. నేను పోయి తెర చూసిన. తన వాచకంలో ఉన్నట్టుగానే ళకు ళ ఒత్తు పెట్టింది. నేను ప్రోగ్రాంలో ళకు ల ఒత్తు పెట్టి "నీళ్లు" అని రాసిన. మనం రెండూ రాస్తం, రెండూ చదువుతం. కంప్యూటరుకు అవి వేరే మాటలు. ఆ పిల్ల రాసినదాంట్లో తప్పే లేదు. తప్పు నా ఏడో లైనులో ఉంది. "తప్పు" అనే మాట కూడా కంప్యూటరుది కాదు, నేను రాసిందే. నాకు నాలుగేండ్ల కిందటి క్లాసు యాదికొచ్చింది.

తెల్లారి సారుకు జరిగింది అంతా చెప్పిన. కోప్పడినారు, తర్వాత ఆయన ల్యాప్‌టాప్‌లో కొత్త పైథాన్ చూపించినారు. మా ల్యాబులో విండోస్ 7 ఉంది, దాని మీద పైథాన్ 3.8 దాటి ఎక్కదు. మాది అంతకన్నా పాతది. పాతదాంట్లో ప్రింట్ అనే మాట మొదటి అక్షరం పెద్దది కొడితే "ఈ పేరు నాకు తెలియదు" అని ఊరుకుంటది. 2021లో వచ్చిన 3.10 నుండి "మీరు అనుకున్నది ప్రింట్ అనా?" అని చిన్న అక్షరాలతో రాసి చూపిస్తది. తప్పు అదే, అడిగే తీరు మారింది. అంత పెద్ద పైథాన్‌ను తయారుచేసే వాళ్లే మాట మార్చుకున్నరంటే నేను మార్చుకోనా?

నా ప్రోగ్రాంలో "తప్పు" తీసేసిన. నీళ్లు, నీళ్ళు, నీరు, మూడూ ఒప్పుకునేటట్టు రాసిన. చివర ఖాళీ పడితే అది కూడా తీసేస్తది. ఇంక ఏదైనా కొత్తది రాస్తే "ఇది నాకు తెలియదు, అక్కను అడుగుత" అని దాచిపెట్టి నాకు చూపిస్తది. చెల్లె వెంటనే రాలేదు. నాలుగు రోజులు బతిమిలాడిన. ఆదివారం నాడు వచ్చి 20కి 14 చెప్పింది. మూడు మాటలు దాచిన దాంట్లో పడ్డయి. అందులో రెండు ఒప్పే, నాకే తెలియవు.

గోండి మాటలను తెలుగు లిపిలో కాకుండా మా అక్షరాలలోనే పెట్టాలని కూడా చూసిన. నార్నూరు మండలంలోని గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల లిపి అది. లోకంలోని అక్షరాలకు హాజరుపట్టీలో లాగ నంబర్లు ఇచ్చే పద్ధతిని యూనికోడ్ అంటరు. తెలుగు "అ" నంబరు 3077. గుంజాల గోండి "అ" నంబరు 73056. ఆ నంబరు 2018లో దొరికింది. 65,536 నంబర్లకు ఒక హాలు అనుకోండి. తెలుగు మొదటి హాలులో ఉంది, మాది రెండో హాలు. మా ల్యాబులోని పాత పైథాన్ కిటికీకి మొదటి హాలే తెలుసు. అక్షరం చూపించు అంటే ఎర్ర అక్షరాలు వచ్చినయి. ఈసారి ఎన్నిసార్లు చదివినా నా లైనులో తప్పు లేదు. సారు ల్యాప్‌టాప్‌లో మొదట ఖాళీ డబ్బా వచ్చింది, నోటో అనే ఉచిత ఫాంటు వేసినంక అక్షరం వచ్చింది. నాకు ఆ లిపి పూర్తిగా రాదు, మా అమ్మకూ రాదు. చెల్లె దాన్ని తెర మీదనే వేలితో దిద్దింది. తెర మీద మరక పడిందని సారు తుడిచినారు.

ఇప్పుడు ప్రోగ్రాంలో 38 మాటలు ఉన్నయి. లంబాడీ అక్క ఒకామె వాళ్ల భాషలో నీళ్లకు "పాణి" అని చెప్పింది, అది కూడా పెడుతున్న. కొలాం చెల్లెండ్లు, మిగిలినవాళ్లు కూడా మీ ఇంట్లో మాట్లాడే మాటలు కాగితం మీద రాసి నా ట్రంకుపెట్టె మీద పెట్టండి. తెలుగులో దాన్ని ఏమేమి అంటరో అన్నీ రాయండి, ఒక్కటే రాయకండి. స్టడీ అవర్‌లో కాదు, ఆదివారం మధ్యాహ్నం కంప్యూటరు గదికి రండి. ఈసారి మేడం గారిని నిజంగానే అడిగిన. ఇంకా జవాబు రాలేదు.