దిష్టా? జలుబు మాత్రా?

జంషెడ్‌పూర్‌లో ఉంటున్నాను. డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరయ్యాను. చదివింది బీకాం, వైద్యం కాదు.

మొన్న చలికాలం జలుబుకి సొంతంగా మాత్రలు కొని మింగాను. గుండె దడ, బీపీ 170/100. "దిష్టి తగిలిందిరా తమ్ముడూ" అని అక్కయ్య రెండు సాయంత్రాలు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. బీపీ దిగలేదు.

మూడోరోజు పొద్దున డాక్టరు అట్ట చూసి మాత్రలు ఆపించారు. అందులో సూడోఎఫెడ్రిన్ ఉంది. అది నరాల చివరల నుంచి నారెడ్రినలిన్‌ను విడుదల చేయిస్తుంది. ముక్కులో రక్తనాళాలు ముడుచుకుని ఊపిరాడుతుంది. ఒంట్లో మిగతా నాళాలూ ముడుచుకుని బీపీ పెరుగుతుంది. నాళాలను బిగించేవి ఆల్ఫా గ్రాహకాలు, గుండెను పరిగెత్తించేవి బీటా గ్రాహకాలు. ఈ రెండు రకాలను 1948లో ఆల్‌క్విస్ట్ విడదీసి చూపాడు.

ఆ సాయంత్రమూ అక్కయ్య దిష్టి తీసింది. మర్నాటికి 140/90. జమ దిష్టి ఖాతాలోకే వెళ్లింది! మరి మొదటి రెండు రోజుల నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? దిష్టినే నమ్మి ఇంకో వారం ఆ మాత్రలు మింగి ఉంటే?