పరదేశములో మధ్యాహ్నభోజనము

మీ కుమారుడో కుమార్తెయో పరదేశములో ఉద్యోగము చేయుచున్నయెడల ఒకనాడు మీకును విమానపు టిక్కెట్టు రాకమానదు. మనుమని ఎత్తుకొనుటకని మన గ్రామముల తలిదండ్రులు ఇప్పుడు సింగపూరు, దుబాయి, కౌలాలంపూరు వెళ్లివచ్చుచున్నారు. పచ్చళ్లు, కారప్పొడులు కట్టుకొందురు. అయితే పిల్లలు పనికి పోయిన తరువాత మధ్యాహ్నము ఏమి తిందురను సంగతి ఎవరును వారికి చెప్పరు.

నేనును నా భార్యయు కౌలాలంపూరులో మా కుమార్తెయొద్ద ఒక మాసము ఉంటిమి. ఇల్లు పందొమ్మిదవ అంతస్తు. నా భార్యకు చక్కెర వ్యాధి కలదు. మాత్ర వేసికొన్న తరువాత భోజనము ఆలస్యమైనచో చెమటలు పట్టి చేతులు వణకును. వండుకొనవచ్చును గదా అందురేమో. ఆ యింటి కరెంటు పొయ్యి ఆమెకు లొంగలేదు.

మన పట్టణములలోని స్విగ్గీ, జొమాటో అక్కడ పనికిరావు. ఆ దేశమునకు గ్రాబ్ అను యాప్ ఉన్నది. అది 2012లో మలేషియాలోనే టాక్సీలు పిలుచుటకు పుట్టి, తరువాత భోజనమును మోయసాగెను. ఫుడ్‌పాండా మరియొకటి. ఆకుపచ్చ చొక్కా గ్రాబ్ వారిది, గులాబిరంగు రెండవవారిది. మీరు బయలుదేరకముందే యాప్ దింపుకొని, మీ నంబరుకు వచ్చు ఓటీపీతో ఖాతా తెరచుకొనుడి. అక్కడ దిగిన పిమ్మట మన సిమ్ము పలుకనియెడల ఓటీపీ రాదు. బ్యాంకు కార్డుకు విదేశ చెల్లింపులు తెరిపించుకొనుడి. చిల్లర రింగిట్లు కొన్ని దగ్గర ఉంచుకొనుట మంచిది. చిరునామాలో బ్లాకు, అంతస్తు, ఇంటి నంబరు మూడును ఉండవలెను. అయినను అనేక భవనములలో తెచ్చువానిని పైకి రానియ్యరు, మీరే దిగవలెను.

మలయి మాటలు పది తెలిసిన చాలును. నాసి అన్నము, ఆయాం కోడి, ఇకాన్ చేప, తెలూర్ గ్రుడ్డు, సాయూర్ కూరగాయలు. దాగింగ్ అనగా మాంసము, అక్కడ తరచుగా గొడ్డుమాంసము; తిననివారు గమనింపవలెను. నాసి లెమాక్ కొబ్బరిపాలతో వండిన అన్నము, ప్రక్కన నెత్తళ్లవంటి వేపిన చేపలు, వేరుశనగలు, కారపు సంబాల్. మిక్కిలి రుచి. రోటీ చనాయ్ మన పరోటాకు చుట్టమే, పప్పుకూరతో వచ్చును. టీ విషయములో మాత్రము జాగ్రత్త. ఉత్త "తె" అన్నచో డబ్బాలోని తీపి చిక్కటిపాలు పోసి యిత్తురు. "తె ఓ కోసోంగ్" అన్నచో పాలును చక్కెరయు ఉండవు. ఈ కోసోంగ్ అను మాట నా భార్య అన్నిటికంటె ముందు నేర్చుకొనెను.

ఒక మధ్యాహ్నము ఆమె మాత్ర వేసికొన్నది, మేము చేపకూర అన్నము తెప్పించితిమి. అంతలో కుండపోత వర్షము. ఫోనులోని పటముమీద మోటారుసైకిలు బొమ్మ ఒక వంతెనయొద్ద ఆగిపోయెను. పది నిమిషములు, పదునైదు. ఆమె రెండు బిస్కట్లు తినెను (వీటిని ఎల్లప్పుడు చేరువ ఉంచుకొనుడి). ఎక్కడున్నావని వ్రాయుదునా అని నేనడిగితిని.

"వాన తగ్గనియ్యండి. ఎవరి బిడ్డో ఏమో, జారిపడతాడు" అనెను.

ఈ పనివారికి నెలజీతము లేదు. చేర్చిన పొట్లమునకే కూలి. వాన వెలియువరకు నిలిచిన నిమిషములకు కూలి రాదు. మలేషియా పార్లమెంటు 2025లో ఇట్టివారి రక్షణకొరకు ఒక చట్టమును ఆమోదించినది. హైదరాబాదు వీధులలో ఇదే సంచి మోయువారిలో మన పల్లెల యువకులును ఉన్నారు గనుక ఈ సంగతి మనకు దూరమైనది కాదు.

అతడు వచ్చువేళకు ఆమెయు నాతోకూడ క్రిందికి దిగి బల్లమీద కూర్చుండెను. ఇరువదియేండ్లవాడు, కోటునుండి నీళ్లు కారుచున్నవి, పొట్లము మాత్రము తడియలేదు. రెండు చేతులతో అందించెను. ఆమె కాగితములో చుట్టి తెచ్చిన జంతికలు అతని చేతిలో పెట్టి, "తెరిమా కసీ" అనెను. "సమ సమ" అని నవ్వి, వానలోనికే వెళ్లిపోయెను. లిఫ్టు పందొమ్మిదవ అంతస్తు చేరకమునుపే ఆమె పొట్లము విప్పి ఒక చేపముక్క నోట వేసికొనెను.