బెజవాడ మీదుగా

"బెజవాడా? చాలాసార్లు దాని మీదుగా వెళ్లాను" అంటారు. ఆ 'మీదుగా' అన్న మాట నాకు చురుక్కుమంటుంది. అర్ధరాత్రి జంక్షన్లో బండి ఆగితే టీ తాగి మళ్లీ ముసుగు తన్నే ఊరుగానే చాలామందికి మేం తెలుసు. రాజధాని 1953లో కర్నూలుకు పోయింది, 1956లో హైదరాబాదుకు. తీరా ఇటు వచ్చినప్పుడు కూడా కృష్ణ అవతలి గట్టునే ఆగింది.

పోనీలెండి. మా ఊళ్లోంచి బందరు, ఏలూరు, రైవస్ అని మూడు కాలువలు పోతాయి. దారి అడిగితే తూర్పూ పడమరా చెప్పం, "కాలవ దాటి" అంటాం. (కంపు సంగతి మాకూ తెలుసు.) ఎండలకు 'బ్లేజ్‌వాడ' అని ఎవరో వెక్కిరిస్తే, దాన్నీ బిరుదులాగే చెప్పుకుంటాం. ఆటోనగర్లో లారీలకు బాడీలు కట్టే సుత్తిమోత ఒకవైపు, ఏటేటా కొత్త సంవత్సరంతోపాటు వచ్చే పుస్తకాల పండగ ఒకవైపు.

నాకైతే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు చాలు. కాలేజీ రోజుల్లో ఫీజు కోసం అమ్మేసిన నిఘంటువు పదేళ్ల తర్వాత అక్కడే కనబడింది, అట్ట లోపల నా సంతకంతో. చూపించాను. కొట్టతను నవ్వాడు గానీ, రూపాయి తగ్గించలేదు.