నాయిన ఆటో, నా బ్యాటరీ కారు

పోయిన శుక్రవారం లంచ్ టేబుల్ దగ్గర గట్టిగా వాదించింది నేనే. "రోడ్లు బాగుపడాలంటే పెట్రోలు, డీజిల్ మీద ఇంకో రెండు రూపాయలు వేసినా తప్పు లేదు. ఎక్కువ తిరిగేవాడు ఎక్కువ కడతాడు, ఇంతకన్నా న్యాయం ఏముంది?" అని. అందరూ తలలూపారు. ఎందుకూపరు? మా టీంలో సగం మందివి బ్యాటరీ బండ్లే. నాదీ అంతే :)

మర్నాడు పొద్దున్నే ఊరికి బయల్దేరాను. మాది యాదగిరిగుట్ట దగ్గర ఓ పల్లె. ఉప్పల్ దాటి వరంగల్ హైవే ఎక్కితే సాఫీగా పోవచ్చు, గూడూరు దగ్గర టోల్ కట్టాలి, అంతే. రాయిగిరి దగ్గర తిరిగి, గుట్ట దాటి మా ఊరి రోడ్డెక్కాక మాత్రం నత్త నడకే.

నాయిన మంచంలో ఉన్నాడు. అంతకు రెండు రోజుల ముందు రాత్రి ఖాళీ ఆటోతో ఇంటికొస్తుంటే, నీళ్ళు నిండిన గుంతలో ముందు చక్రం దిగి బండి పక్కకి ఒరిగింది. భుజం ఎముక విరిగింది. నాకు చెప్పొద్దని అమ్మకి ఒట్టేయించాడట! రాయిగిరి స్టేషనుకీ గుట్టకీ మధ్య ఇరవై ఏళ్ళుగా ఆ డీజిల్ ఆటో తిప్పే నా ఇంజనీరింగ్ ఫీజులు కట్టాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కలు వేశాను. రోడ్ల కోసమని పెట్రోలు మీద రూపాయి సెస్సు మొదలైంది 1998లో, డీజిల్ మీద 1999లో. 2000లో దానికో చట్టం కూడా వచ్చింది. డీజిల్ సెస్సులో సగం పల్లె రోడ్లకే అని అందులో రాశారు. అదే ఏడాది డిసెంబరు 25న గ్రామ సడక్ యోజన మొదలైంది. నేను బడికెళ్ళే రోజుల్లో మా ఊరికి తారు రోడ్డు ఆ పథకం కిందే పడింది. అంటే నేను శుక్రవారం చెప్పింది ఒకప్పుడు నిజంగానే పనిచేసింది.

తర్వాతే తేడా కొట్టింది. 2020 మేలో ఈ సెస్సు లీటరుకు 18 రూపాయలైంది. 2021 నవంబరు, 2022 మే తగ్గింపుల్లో కోత పడింది కూడా ఇందులోనే. చివరికి డీజిల్ మీద కేంద్రం పన్ను 15.80 ఉంటే, అందులో రోడ్ల పేరున మిగిలింది 2 రూపాయలు. 2025 ఏప్రిల్లో ఇంకో రెండు పెంచారు గానీ అవి ఈ ఖాతాలోకి రాలేదు.

నాయిన రోజుకి ఐదు లీటర్లు కొట్టిస్తాడు. నెలకి ఇరవై అయిదు రోజులనుకున్నా, 2022 రేట్ల ప్రకారమే కేంద్రానికి 1,975 కట్టాడు. అందులో రోడ్డు వాటా 250. రాష్ట్రం 27 శాతం వ్యాట్ వేరే. మరి నేను? 2024 నవంబరు 18 నుంచి బ్యాటరీ బండ్లకి రాష్ట్రంలో రోడ్డు టాక్స్ మాఫీ. కారు కొన్నప్పుడు పైసా కట్టలేదు. ఎక్కువ తిరిగేవాడు ఎక్కువ కడతాడన్న నా న్యాయంలో ఎక్కువ తిరిగేది మా నాయిన. పొట్ట కోసం తిరుగుతున్నాడు. షేర్ ఆటోలో అయిదు రూపాయలు పెంచితే ఎక్కేవాళ్ళే ఉండరు.

అలాగని పన్నే వద్దంటానా అంటే, అననూ లేను. సెస్సు డబ్బు పన్నుల్లా రాష్ట్రాలతో పంచుకునేది కాదు, మా ఊరి గుంత దాకా అది ఏ దారిన రావాలో నాకింకా అంతు చిక్కట్లేదు. నాలాంటోళ్ళు కిలోమీటరుకింత అని కట్టే పద్ధతేదో కూడా రావాలి. టేబుల్ దగ్గర ఈ ముక్క అంటే ఎంతమంది తలలూపుతారో!

పొద్దున నాయిననే అడిగాను. "లీటరుకు ఇంకో రూపాయి తీసుకొని ఆ గుంత పూడుస్తమంటే ఇస్తవా?"

"ఎందుకియ్య? గిప్పుడు ఆటో రిపేరుకు ఎనిమిది వేలు అయితయంటున్నడు. గుంత పూడుస్తమని ఎవడన్న రాసిస్తడా మరి?"

నేనేం చెప్పాలో తోచక బయటికొచ్చాను. రాత్రంతా ఇంటి ప్లగ్గుకే కారు ఛార్జింగ్ పెట్టి ఉంది. అమ్మ మీటరు దగ్గర నిలబడి చూస్తోంది.

"గిది గిట్లనే పెడితే రెండొందల యూనిట్లు దాటుతదేమోరా?"

వైరు పీకేశాను.