కంట్రోలర్ కళ్లతో మాంట్‌గోమరీ

అట్లాంటాలో మా అబ్బాయి ఇంటి నుంచి మాంట్‌గోమరీకి కారులో రెండున్నర గంటలు. అక్కడ ట్రోయ్ యూనివర్సిటీ వాళ్ల రోసా పార్క్స్ మ్యూజియం ఉంది. తెల్లవాడికి సీటు ఇవ్వనన్నందుకు 1955 డిసెంబర్ 1న నల్లజాతి మహిళ రోసాను బస్సులోంచి దించి పట్టుకెళ్లిన చోటే కట్టారు. లోపల ఆనాటి సిటీ బస్సు నమూనా, దాని కిటికీల్లో ఆ గొడవంతా సినిమాలా కనబడుతుంది. వచ్చినవాళ్లందరూ దాని ముందే నిలబడిపోతున్నారు.

నన్ను మాత్రం ఇంకో బండి ఆపేసింది. 1955 నాటి పొడుగాటి స్టేషన్ వేగన్. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు పనిచేసి కంట్రోలర్‌గా రిటైరైనవాణ్ణి, బండి కనబడితే ముందు ఎంతమంది పడతారో లెక్కేస్తాను. సర్దుకుని కూర్చుంటే ఎనిమిది మంది. మన షేర్ ఆటోవాడి చేతిలో పెడితే పన్నెండు.

ఆ వేగన్ అక్కడ ఎందుకుందో తెలియాలంటే ముందు బస్సుల సంగతి చెప్పాలి. అప్పట్లో ఆ ఊళ్లో బస్సెక్కేవాళ్లలో నాలుగింట మూడొంతులు నల్లజాతివాళ్లే. ముందు డోరు దగ్గర డబ్బు కట్టి, కిందికి దిగి, వెనక డోరులోంచి ఎక్కాలి. ఈలోగా డ్రైవర్ బండి లాగించేసినా అడిగే దిక్కులేదు. రోసా అరెస్టయిన రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే అధ్యాపకురాలు బస్సెక్కొద్దంటూ కాలేజీ మిషన్ మీద వేలకొద్దీ కరపత్రాలు తీసి పంచిపెట్టింది. డిసెంబర్ 5న బస్సులు ఖాళీగా తిరిగాయి.

ఒక్కరోజు బంద్ ఎవరైనా చేయిస్తారు. మర్నాడు పొద్దున్నే వంటమనిషి ఐదు మైళ్ల అవతల పనిలోకి ఎలా వెళ్లాలి? 2019లో మా ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది, బస్సు లేకపోతే జనం పడే అవస్థ నాకు తెలుసు. ఇక్కడ బస్సుల బహిష్కారం 381 రోజులు.

మొదట నల్లవాళ్ల ట్యాక్సీలు బస్సు చార్జీకే, పది సెంట్లకే తిప్పాయి. కనీసం 45 సెంట్లు తీసుకోకపోతే కేసు పెడతామన్నారు పోలీసులు. అప్పుడు బాటన్ రూజ్‌లో 1953లోనే ఇలాంటి బహిష్కారం నడిపిన పాస్టర్ జెమిసన్‌ను ఉద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ సలహా అడిగాడు. సొంత కార్లు దింపమన్నాడాయన. దాదాపు 300 కార్లు వచ్చాయి. పొద్దున ఎక్కించుకోవడానికి 48 స్టాపులు, సాయంత్రానికి 42. డిపో లేదు, టైమ్ ఆఫీస్ లేదు, ఊరి మధ్యలో ఒక పార్కింగ్ స్థలమే బస్టాండు. పొద్దుటి ట్రిప్పులు సులువు, జనమంతా ఒకే పేటలో ఉంటారు. సాయంత్రం వాళ్లు ఇంటికొకరుగా చెదిరి ఉంటారు, వాళ్లను ఏరుకు రావాలి. ఆ షెడ్యూలు వేసినవాళ్లకు నేను దణ్ణం పెడతాను.

టికెట్ కొడితే లైసెన్సు లేని ట్యాక్సీ అయిపోతుంది, కాబట్టి రాబడి సున్నా. మరి పెట్రోలు? చర్చిల్లో చందాలు, బయటి ఊళ్ల నుంచి వచ్చిన విరాళాలు. వాటితోపాటు జార్జియా గిల్మోర్ అనే వంటావిడ తోటి ఆడవాళ్లను కూడగట్టి కేకులు, పైలు, చికెన్ శాండ్‌విచ్‌లు అమ్మింది. డబ్బెక్కడిదంటే ‘ఎక్కడిదీ కాదు’ అని చెప్పేలా ఆ గుంపుకు ‘ఎక్కడా లేని క్లబ్బు’ అని పేరు పెట్టుకున్నారు. పేరు బయటపడితే కొనే తెల్లవాళ్లకూ, చేసేవాళ్ల ఉద్యోగాలకూ ముప్పే మరి.

తమాషా ఏమిటంటే, పనిమనిషి రాకపోతే ఇల్లు గడవదని తెల్ల ఇల్లాళ్లు కొందరు స్వయంగా కారేసుకెళ్లి తెచ్చుకున్నారు. మేయర్ వద్దన్నా వినలేదు.

పోలీసులు ఊరుకోలేదు. 25 మైళ్లకు మించకూడని చోట 30లో వెళ్లాడని కింగ్‌ను జైల్లో పెట్టారు. జనాన్ని తిప్పడానికి చర్చిల పేర రిజిస్టరైన ఇలాంటి వేగన్లను ‘చక్రాల చర్చిలు’ అనేవారట. వాటికి ఇన్సూరెన్సు కంపెనీలు పాలసీలు రద్దు చేశాయి.  చివరికి అట్లాంటాలోని ఒక నల్లజాతి ఏజెంటు లండన్ లాయిడ్స్ దాకా వెళ్లి పాలసీ సంపాదించాడు.

1956 నవంబర్ 13న స్థానిక కోర్టు ఈ కార్లను ఆపేయమంది. అదే రోజు సుప్రీంకోర్టు బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని తేల్చింది. ఆ ఉత్తర్వు ఊరు చేరేసరికి డిసెంబర్ 20. ఆ ఐదు వారాలూ బస్సూ లేదు, వేగనూ లేదు. నడిచారు. తోవలో ఎవరైనా ఎక్కించుకుంటే ఎక్కారు. 21న బస్సెక్కి ముందు సీట్లలో కూర్చున్నారు.

“నాన్నా, బస్సు దగ్గర నిలబడు, ఫోటో తీస్తా” అన్నాడు మా అబ్బాయి. వేగన్ దగ్గర తియ్యమన్నాను.